అప్‌డేట్: మ్యాచ్ కాంప్ నౌలోనే చూశాం

విజయవాడ నుంచి నేనూ మా బావా వెళ్తున్నాం, 2025 నవంబర్ 22న బార్సిలోనా, అథ్లెటిక్ క్లబ్ ఫుట్‌బాల్ మ్యాచ్ కాంప్ నౌలో (బార్సిలోనా సొంత స్టేడియం, తిరిగి కడుతున్నారు) పెడతారా లేక మళ్లీ మోంజుయిక్‌కి (ఆ పనులప్పుడు వాడిన ఒలింపిక్ స్టేడియం) మారుస్తారా, రూమ్ ఎక్కడ తీసుకోవాలి అని అడిగాను కదా. కాంప్ నౌలోనే అయింది, బార్సిలోనా 4-0తో గెలిచింది. చెప్పినవాళ్లందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చింది మాత్రం మెట్రో ఎల్3 లైన్ మీద రూమ్ తీసుకోమన్న గుంటూరు అన్న సలహానే. మోంజుయిక్‌కి వెళ్లాలంటే దిగే ఎస్పాన్యా, కాంప్ నౌ దగ్గరి లెస్ కోర్ట్స్ రెండూ ఆ లైన్‌లోనే ఉన్నాయి, ఇక మ్యాచ్ ఎక్కడ పెట్టినా టెన్షన్ లేదు.

కాంప్ నౌ మూడో అంతస్తు, పైకప్పు అయ్యేదాకా తెరవరు అంటూ మనవాళ్లు అంతసేపు వాదించుకున్నారు గానీ, వాటికీ స్టేడియం తెరవడానికీ సంబంధమే లేదు. అక్కడి నగరపాలక సంస్థ అనుమతి దశలవారీగా ఇస్తుంది. 27 వేల మందితో తెరవడానికి క్లబ్బే ఇష్టపడలేదు, 45,401 మందికి అనుమతి వచ్చాక తెరిచారు. మొత్తం పూర్తయితే సుమారు 1,05,000 మంది పడతారట. పైన క్రేన్లు అలాగే ఉన్నాయి, మా బావ ఆట కన్నా వాటినే ఎక్కువ ఫోటోలు తీశాడు.