పది నిమిషాల్లో తిరస్కరించింది మెషీన్. కారణం ఎవరిని అడగాలి?

నీలిగోరింట:
పోయిన నెల ఒక ఉద్యోగానికి రాత్రి 11:30కి దరఖాస్తు పెట్టాను. 11:40కి "మీ ప్రొఫైల్ ఈ పోస్టుకు సరిపోదు" అని మెయిల్ వచ్చింది. ఆ వేళప్పుడు ఎవరూ కూర్చుని నా రెజ్యూమె చదివి ఉండరు. కారణం అడుగుతూ రాస్తే దానికీ ఆటోమేటిక్ జవాబే. బాబు పుట్టాక మూడేళ్లు ఉద్యోగం మానేశాను, ఆ ఖాళీ చూసి పక్కన పెట్టేసిందేమోనని అనుమానం. ఉద్యోగం రాలేదంటే సర్దుకుంటాను. ఎందుకు రాలేదో చెప్పే మనిషే లేకపోతే ఎలా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

పాతకోడర్:
మీ అనుమానం నిజం కావచ్చు. రెజ్యూమెలు వడపోసే ఇలాంటి టూల్ తయారుచేసిన టీములో నేను రెండేళ్లు పనిచేశాను. అందులోని మోడల్‌కు, అంటే పాత రికార్డుల నుంచి నేర్చుకునే ప్రోగ్రాంకు, మంచి ఉద్యోగి అంటే ఎవరో తెలియదు. గతంలో ఎవరిని తీసుకున్నారో ఆ రికార్డులు చూసి, అలాంటివాళ్లనే వెతుకుతుంది. అమెజాన్‌లో జరిగింది అదే. 2014లో మొదలుపెట్టిన వాళ్ల టూల్‌కు పదేళ్ల రెజ్యూమెలు ఇచ్చారు, వాటిలో ఎక్కువ మగవాళ్లవి. దాంతో 'ఉమెన్స్' అనే మాట కనిపించిన రెజ్యూమెలకు అది మార్కులు తగ్గించడం నేర్చుకుంది. ఆ మాట వరకు సరిచేశారు కానీ, ఇంకో దారిలో వివక్ష చూపదన్న నమ్మకం లేక చివరికి ఆపేశారు. 2018లో రాయిటర్స్ వార్తా సంస్థ ఈ సంగతి బయటపెట్టింది.

మేమూ ఆడా మగా అన్న కాలమ్ తీసేసి పని అయిపోయిందనుకున్నాం. కానీ ఉద్యోగంలో వచ్చిన ఖాళీలు, చదివిన కాలేజీ, రాసిన హాబీలు అన్నీ కలిసి ఆ కాలమ్ చెప్పాల్సింది చెప్పేస్తాయి. మీటింగులో ఒకసారి ఈ మాట ఎత్తాను. "యాక్యురసీ బాగానే ఉంది కదా, రిలీజ్ ఆపలేం" అన్నారు. నేను ఊరుకున్నాను. నీలిగోరింట గారూ, మీ పోస్టు చదివాక ఆ ఊరుకోవడమే గుర్తొస్తోంది.

సూటిమాట:
మనుషులకు మాత్రం పక్షపాతం లేదా? ఇంటర్వ్యూల్లో నా యాస విని ముఖం తిప్పుకున్నవాళ్లున్నారు. మెషీన్ అయితే కనీసం పరీక్షించి తప్పు పట్టుకోవచ్చు.

వానచినుకు:
పరీక్షించనిస్తే పట్టుకోవచ్చు. పైగా ఒక అధికారి పక్షపాతం ఆ ఆఫీసుతో ఆగుతుంది, మెషీన్‌ది అలా ఆగదు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వం వాడిన రోబోడెట్ అనే ఆటోమేటిక్ వ్యవస్థ చూడండి. దాంట్లో గొప్ప ఏఐ కూడా లేదు. ఏడాది ఆదాయాన్ని రెండేసి వారాల లెక్కన సమానంగా పంచేసి, ప్రభుత్వ సాయం ఎక్కువ తీసుకున్నారంటూ నోటీసులు పంపింది. అప్పు లేదని నిరూపించుకునే భారం జనం మీద పడింది. నాలుగు లక్షలకు పైగా అప్పులు చెల్లవని తేలి, 2020లో డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. నెదర్లాండ్స్‌లోనూ కంప్యూటర్ వేసిన రిస్క్ స్కోర్లు వాడారు, పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలమంది తల్లిదండ్రులను తప్పుగా మోసగాళ్లన్నారు. ఆ వ్యవహారంలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది.

రాత్రిషిఫ్టు:
"మా దగ్గర ప్రతి నిర్ణయాన్నీ మనిషి చూస్తాడు" అనే మాట కూడా అంత తేలిగ్గా నమ్మకండి. ఆ మనిషిని నేనే. ఖాతాలు బ్లాక్ అయినవాళ్ల అప్పీళ్లు చూడటం నా పని. షిఫ్టుకు రెండు వందలకు పైగా వస్తాయి. స్క్రీన్ మీద ముందు మెషీన్ స్కోరు కనిపిస్తుంది. దానితో ఏకీభవిస్తే ఒక్క క్లిక్. కాదంటే కారణం రాయాలి, ఇంకొకరు తనిఖీ చేస్తారు, నా వేగం పడిపోతుంది. నెలాఖరుకు చూసేది ఆ వేగాన్నే. ఒకరోజు ఒకావిడ, ఆ ఖాతాలోనే తన వ్యాపారమంతా ఉందని రెండు పేజీలు రాశారు. పూర్తిగా చదివి తెరిపించాను. ఆ రోజు నా టార్గెట్ పోయింది. మిగతా రోజుల్లో అంతసేపు చదవలేదు, అదే నన్ను తినేస్తోంది.

చట్టంచదివినోడు:
నీలిగోరింట గారూ, యూరోపియన్ యూనియన్‌లో అయితే జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 22వ అధికరణం ఉంది. 2018 మే నుంచి అమల్లో ఉంది. మన జీవితం మీద పెద్ద ప్రభావం చూపే నిర్ణయం పూర్తిగా మెషీన్ తీసుకుంటే, మనిషి చూడాలని అడగవచ్చు, మన వాదన చెప్పుకోవచ్చు. అక్కడి కొత్త ఏఐ చట్టం కూడా ఉద్యోగుల ఎంపిక టూల్స్‌ను ఎక్కువ ప్రమాదం ఉన్నవాటిలో చేర్చింది. మీరున్న చోట ఆ చట్టం లేకపోయినా రాతపూర్వకంగా అడగండి. నిర్ణయం మెషీన్‌దేనా? నా వివరాల్లో ఏవి చూసింది? ఒక మనిషి మళ్లీ చూస్తారా? ఈ మూడూ ఒకే మెయిల్లో పెట్టి తేదీ దాచుకోండి.

నీలిగోరింట:
అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే రాశాను. పన్నెండు రోజులకు ఈసారి ఒక మనిషి పేరుతో జవాబు వచ్చింది. నా రెజ్యూమె మళ్లీ చూస్తారట. కానీ ఆ టూల్ వేరే సంస్థ దగ్గర కొన్నారట, స్కోరు ఎలా వేస్తుందో తమకూ తెలియదని ఆమె ఒప్పుకుంది. అమ్మిన సంస్థ పేరు అడిగి తీసుకున్నాను. అవే మూడు ప్రశ్నలు ఈ పొద్దున వాళ్లకూ పంపాను.

పాతకోడర్ గారూ, అక్కడ మీలాంటివాళ్ల దాకా వెళ్లాలంటే అందులో ఇంకేం రాయాలో చెప్తారా?

పాతకోడర్:
ఉద్యోగంలో ఖాళీ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ స్కోర్లలో తేడా ఎంత వస్తోందో టెస్ట్ చేశారా అని అడగండి. చేసి ఉంటే ఆ ఫలితం చూపించమనండి. ఆ ప్రశ్న కస్టమర్ సపోర్టు దగ్గర ఆగదు, టీముకు పంపక తప్పదు. మా మీటింగులో నేను గట్టిగా అడగాల్సింది కూడా అదే.