యాడ్ ముందా, అకౌంట్ సర్దుకోవడం ముందా?

ఉరవకొండ మగ్గం:
అన్నలూ అక్కలూ, ఇంట్లోనే పట్టుచీరలు నేస్తాం. ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్ తెరిచి నెలయింది. 6 ఫొటోలు, 40 మంది ఫాలోవర్లు, అందరూ బంధువులే. శ్రావణం దగ్గర పడింది, 2 వేలు పెట్టి యాడ్ వేద్దామంటే మా తమ్ముడు ముందు వెయ్యి మంది ఫాలోవర్లు కానీ అంటున్నాడు. ఏం చేయాలి?

సప్తగిరి సర్కిల్ మొబైల్స్:
వెంటనే వేయండి. యాడ్ వెళ్లేది ఎటూ కొత్తవాళ్లకే, దానికి ఫాలోవర్లతో పనేముంది? మా అంగడి పేజీలో ఏమీ లేనప్పుడే వేశాను, వాట్సాప్‌కు మెసేజ్‌లు వచ్చాయి. కూర్చుంటే సీజన్ దాటిపోతుంది.

ధర్మవరం అక్క:
తమ్ముడూ, నువ్వు అమ్మేది 150 రూపాయల ఫోన్ కవరు. చీర 12 వేలు. అంత డబ్బు పంపేముందు ఎవరైనా పేరు నొక్కి లోపలికెళ్లి చూస్తారు. పోయినేడు నేను 5 వేలు పెట్టాను. లోపల ఏముంది? పండగ శుభాకాంక్షలు, మా బాబు పుట్టినరోజు కేకు. రేటు ఎక్కడా లేదు. యాడ్ కింద "రేటెంత?" అని వరసగా కామెంట్లు, నేను చూసేది రాత్రి పనంతా అయ్యాక. అమ్ముడైనవి రెండే చీరలు.

తర్వాత మూడు వారాలు యాడ్ మాట ఎత్తలేదు. ఒక్కో చీరను పగటి వెలుతురులో తీశాను: కొంగు, అంచు, తిప్పి వెనకవైపు పోగులు, అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ ట్యాగు. ప్రతిదాని కింద రేటు రాశాను. పైన మూడు పోస్టులు పిన్ చేయొచ్చు కదా, అక్కడ మా మగ్గం వీడియో, పార్శిల్ ఎలా పంపుతామో, కొన్నావిడ ఒప్పుకుని ఇచ్చిన పెళ్లి ఫొటో పెట్టాను. అకౌంట్‌కు వాట్సాప్ నంబరు కలిపి, టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే తాళం) పెట్టుకున్నాకే మళ్లీ యాడ్ వేశాను. ఈసారి అడిగేవాళ్లు నేరుగా చీర ఫొటో పంపి "ఇది ఉందా?" అన్నారు.

యాడ్ ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, అదీ లెక్క వేసుకోమ్మా.

సప్తగిరి సర్కిల్ మొబైల్స్:
చీరల విషయం ఒప్పుకుంటా అక్కా. కానీ వెయ్యి మంది కోసం ఆగమనడం మాత్రం తప్పే. ఆ తొందరలో ఫాలోవర్లను కొంటారు. వాళ్లెవరూ చీర కొనరు.

ధర్మవరం అక్క:
అది నిజం. 40 మంది చాలు. 15 చీరలు సరిగ్గా కనబడాలి, అంతే.

ఉరవకొండ మగ్గం:
రేపే వెలుతురులో తీస్తానక్కా. రేటు బయటపెడితే పక్కవాళ్లు వంద తగ్గించి అమ్మరా?

ధర్మవరం అక్క:
అమ్ముతారు. మాకూ జరిగింది. అయినా తీసేయలేదు.