ఒకటి, రెండు తరగతులలో గెంతుతూ లెక్కలు: ఇది బోధనా, ఆటా?

నర్సంపేట టీచర్:
మా ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు కూడికలు, తీసివేతలు వరండాలో నేర్పుతున్నాను. గచ్చు మీద సుద్దతో సున్నా నుంచి ఇరవై వరకు గడులు గీసి, కూడికకు ముందుకు, తీసివేతకు వెనక్కి గెంతిస్తాను. ఇంగ్లీషు పాఠంలో నా మాట విని ఆ పని చేసి చూపిస్తారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ 1960లలో రూపొందించిన పద్ధతి ఇదే; పిల్లలు సిద్ధపడే దాకా మాట్లాడమని బలవంతం ఉండదు. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడులలో ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మాధ్యమం వచ్చాక, ఇంట్లో ఆ భాష ఒక్క ముక్క వినపడని పిల్లలకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. అయినా ఊరిలో కొందరు ‘ఆడించడానికి బడి ఎందుకు’ అంటున్నారు. ఇది బోధనే అని నా దృఢమైన నమ్మకం. కాదనేవారు కారణం చెప్పాలని కోరుతున్నాను.

పరకాల తండ్రి:
కారణం మా ఇంట్లోనే ఉంది. మా పెద్దబ్బాయి రెండేళ్లు ఇట్లాగే గెంతాడు. మూడో తరగతిలో నలభై మూడులోంచి పదిహేడు తీసివేయమంటే, మూడులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి మూడు తీసి, ముప్పై నాలుగు అని రాశాడు. ఇరవై దాటి ఎన్నడూ గెంతలేదు కాబట్టి ఒక పదిని విడగొట్టి ఒకట్లలో కలుపుకోవాలన్న సంగతే వాడికి తెలియదు. తరువాత అప్పు చేసి ప్రైవేటు బడికి మార్చాను.

హన్మకొండ విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
దోషం గెంతడంలో లేదు, గడులలో ఉంది. ఐదో గడిలో నిలబడిన పిల్లవాడిని మూడు కలపమంటే, తాను నిలబడిన గడినే ‘ఒకటి’ అని లెక్కపెట్టి ఏడు దగ్గర ఆగిపోతాడు. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలకు గడిని లెక్కించడం అలవాటు, కూడికలో లెక్కించవలసింది గెంతును. గడులు చెరిపి, గీత మీద చుక్కలు పెట్టి, చుక్క కింద అంకె రాయండి.

నర్సంపేట టీచర్:
సార్, ఆ తప్పు వేళ్లు మడిచేటప్పుడు కూడా జరుగుతుంది. పలక మీద ఏడు అని రాసి ఉంటే ఎక్కడ తప్పిందో నాకు తెలియదు. వరండాలోనైతే కాలు కదలకముందే ‘ఒకటి’ అన్న మాట చెవిన పడుతుంది, అక్కడే ఆపుతాను. పాదం నేలకు తగిలినప్పుడే అంకె పలకాలన్నది మా నియమం.

హన్మకొండ విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
నియమం మీరు దగ్గర ఉన్నంతసేపే నడుస్తుంది. చుక్కలు పెడితే ఆ నియమమే అవసరం లేదు.

జనగామ పాఠకురాలు:
మా పాప బడిలో చుక్కలే పెడతారు. అయినా మొదట్లో ఇదే తప్పు చేసింది.

ములుగు ఎస్‌జీటీ:
నేను ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌ను. ఐదు తరగతులకు నేను ఒక్కడినే. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నది. మా బడిలో రెండో వారు లేరు. ఒక తరగతిని వరండాలో గెంతిస్తే మిగతా నాలుగింటిని ఎవరు చూడాలి?

నర్సంపేట టీచర్:
మా బడిలో నాలుగో తరగతి పిల్లలిద్దరు చిన్నవాళ్ల గెంతులు లెక్కపెడతారు. ఆ సమయంలో నేను గదిలో మరొక తరగతికి పాఠం చెబుతాను.

హన్మకొండ విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
పరిశోధన సంగతి కూడా చూడాలి. డెన్మార్క్‌లో సగటున ఏడున్నరేళ్ల వయసున్న 165 మంది పిల్లల మీద ఆరు వారాలు చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. శరీరమంతా కదిలిస్తూ లెక్కలు నేర్చిన గుంపు, చేతులతో మాత్రమే పని చేసిన గుంపుకంటే మెరుగైంది. అయితే ఆ ప్రయోజనం లెక్కల్లో సాధారణ స్థాయిలో ఉన్నవారికే దక్కింది, వెనుకబడినవారిలో కనిపించలేదు. మన బడులలో మనకు దిగులంతా ఆ వెనుకబడిన పిల్లల గురించే కదా?

నర్సంపేట టీచర్:
ఆరు వారాలు చాలా తక్కువ. నెదర్లాండ్స్‌లో 499 మంది పిల్లలతో రెండేళ్లు నడిపిన ప్రయోగం ఫలితాలు కూడా 2016లోనే వచ్చాయి. అక్షరానికొక గెంతు వేస్తూ పదం పలికించేవారు, గుణకారానికి సమాధానం గెంతులతో చెప్పించేవారు. లెక్కలు, వర్ణక్రమం మెరుగుపడ్డాయి. చదవడంలో తేడా రాలేదు, అందుకే నేను వాచకాన్ని గెంతించి చదివించను.

పరకాల తండ్రి:
డెన్మార్క్, నెదర్లాండ్స్ ముచ్చట పక్కన పెట్టండి. నాలుగో తరగతి పిల్లలు చిన్నవాళ్ల గెంతులు లెక్కపెడతారని మీరే రాశారు. మా అమ్మాయి వేరే మండలంలో ప్రభుత్వ బడిలోనే నాలుగో తరగతి చదువుతున్నది, తననూ ఇట్లాగే నిలబెడుతున్నారు. ఐదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్ష ఈ ఏడే రాయాలి, అది కాగితం మీద జరిగే పరీక్ష. తనను అట్లా నిలబెట్టే గంటలో ప్రైవేటు బడి పిల్లలు మాదిరి ప్రశ్నపత్రాలు చేస్తుంటారు. కూలికి పోయే ఇంటి పిల్లకు ఆ సీటు దొరికితే తిండికీ, ఫీజుకూ మేము ఎవరి ముందూ చేయి చాపనక్కరలేదు. ఇంతకూ ఉపాధ్యాయుల పిల్లలు ఎంతమంది ఈ వరండాలలో గెంతుతున్నారు?

నర్సంపేట టీచర్:
నా కొడుకు మా బడిలోనే రెండో తరగతి, ఆ వరండాలోనే గెంతుతున్నాడు. మీ ప్రశ్న నన్ను బాధించింది. సీటు రాని పిల్లలు కూడా బడి పిల్లలే. ఇరవై దాకా గడగడా అప్పజెప్పి, పన్నెండుకూ ఎనిమిదికీ ఏది పెద్దదో చెప్పలేని వారు ప్రతి సంవత్సరం నా దగ్గరికి వస్తారు. వారిని బెంచీ మీద కూర్చోబెట్టి నోటుబుక్కు నింపిస్తే మీ అబ్బాయి రాసిన ముప్పై నాలుగే వారూ రాస్తారు.

పరకాల తండ్రి:
మీ కొడుకును అక్కడే చదివిస్తున్నందుకు మీ మీద గౌరవం ఉంది, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీరు అడుగుతున్నది ఒకటో తరగతి పిల్లల కోసం, నేను అడుగుతున్నది నాలుగో తరగతి పిల్ల కోసం. ఆ గంట ఒక్కటే ఉంది. మీ పాఠం బాగా నడవడానికి మా అమ్మాయి చదువు ఆగకూడదు.

ములుగు ఎస్‌జీటీ:
నేను మొదట అడిగింది ఇదే. రెండో ఉపాధ్యాయుడు ఉంటే మీ ఇద్దరికీ తగవు లేదు.

నర్సంపేట టీచర్:
రెండో ఉపాధ్యాయుడు వచ్చే దాకా పిల్లలు ఆగరు. నాలుగో తరగతి వారిని ఇక పిలవను, రెండో తరగతి వారు ఒకటో తరగతి వారికి లెక్కపెడతారు. గెంతడం మాత్రం మానను. గెంతిన లెక్కను అదే పూట పలక మీద రాయిస్తాను. ఇరవై దాటాక పదేసి పుల్లల కట్టలు ఇచ్చి, నలభై మూడులోంచి పదిహేడు తీయాలంటే ఒక కట్ట విప్పక తప్పదని వారి చేతనే చేయిస్తాను.

పరకాల తండ్రి:
కట్టలు విప్పడం కూర్చుని చేసే పని, అది ముందే మొదలుపెట్టాలని ఇప్పటికీ నా వాదన. నాలుగో తరగతి పిల్లలను పిలవనన్న మాట మాత్రం మా అమ్మాయి బడిలో చూపిస్తాను.