కెన్సింగ్టన్ శిలాశాసనాన్ని అలెగ్జాండ్రియా తన వారసత్వమని చెప్పుకోవచ్చా?

శాసనప్రియ:
అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో అలెగ్జాండ్రియా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి రూన్‌స్టోన్ మ్యూజియంలో రూన్ లిపిలో, అంటే స్కాండినేవియా ప్రాచీన లిపిలో, చెక్కిన సుమారు 92 కిలోల శాసనశిల ఒకటి ఉంది. 1898లో సమీపంలోని కెన్సింగ్టన్ వద్ద పొలంలో చెట్లు పెకలిస్తుంటే వేళ్ల మధ్య అది దొరికిందని ఓలోఫ్ ఓమన్ అనే స్వీడిష్ రైతు చెప్పాడు. 8 మంది గోత్‌లు (దక్షిణ స్వీడన్ వారు), 22 మంది నార్వేజియన్లు 1362లో అక్కడికి వచ్చారనీ, వారిలో 10 మంది నెత్తుటి మడుగులో శవాలై కనిపించారనీ ఆ రాత సారాంశం. పండితులలో అత్యధికులు దీనిని 19వ శతాబ్దపు కల్పనగానే పరిగణిస్తున్నారు. అయినా పట్టణం దీనిని తన వారసత్వంగా ప్రదర్శించడం సబబేనా?

రాఘవ:
సబబేనని నా అభిప్రాయం. ఓమన్ 1935లో కన్నుమూసే వరకు తాను చెక్కలేదనే చెప్పాడు. దానివల్ల అతడు సంపన్నుడేమీ కాలేదు. 1910లో మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీ నియమించిన సంఘం ఇది నిజమైనదేనని అభిప్రాయపడింది, 1948లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియం దీనిని ప్రదర్శించింది. కెనడా తూర్పు తీరాన న్యూఫౌండ్‌లాండ్‌లోని లాన్స్ ఓ మెడోస్‌లో 1960లో నార్స్ ప్రజల (వైకింగ్‌ల కాలపు స్కాండినేవియన్ల) నివాసాలు బయటపడిన తరువాత, వారు అమెరికాకు రానేలేదనే వాదన కూడా వీగిపోయింది కదా.

వసుంధర:
రాఘవ గారూ, లాన్స్ ఓ మెడోస్ ఈ రాయికి అక్కరకు రాదు. అక్కడివి 11వ శతాబ్దపు తొలినాళ్ల ఇళ్ల ఆనవాళ్లు. సముద్రతీరాన కొందరు దిగినంత మాత్రాన, మూడు శతాబ్దాలు దాటాక ఖండం నడిబొడ్డున మరికొందరు శాసనం చెక్కారని రుజువు కాదు. మన దగ్గర తామ్రశాసనం దొరికితే, అందులోని తేదీని నమ్మే ముందు లిపినీ భాషనూ పరీక్షిస్తారు, అవి ఆ కాలానికి పొసగకపోతే కూటశాసనమని తేలుస్తారు. ఇక్కడా అదే చేయాలి. 14వ శతాబ్దపు స్వీడిష్‌లో కర్త బహువచనమైతే క్రియకూ బహువచన రూపం ఉండేది. ఈ రాతలో ‘మేము’ అన్న చోట కూడా ఏకవచన క్రియలే ఉన్నాయి. పైగా ఎడ్వర్డ్ లార్సన్ అనే స్వీడిష్ దర్జీ 1880లలో రాసుకున్న కాగితాలు 2004లో వెలుగులోకి వచ్చాయి. ఈ రాతిపైని విచిత్రమైన అక్షరరూపాలు వాటిలో ఉన్నాయి. చెక్కినవాడు ఓమనే అని దీనితో తేలదు, నేనూ ఆ నింద మోపను.

నా దృష్టిలో ఇది స్కాండినేవియా వలసదారుల నిజమైన వారసత్వమే, అయితే 1890లది. కొలంబస్ 400 ఏళ్ల ఉత్సవంగా 1893లో షికాగోలో జరిగిన ప్రదర్శనకు నార్వే నుంచి వైకింగ్ నమూనా ఓడ అట్లాంటిక్ దాటి వచ్చింది. తామే ముందు వచ్చామనే అభిమానం ఆ రైతు కుటుంబాలలో ఎంత బలంగా ఉండేదో ఊహించవచ్చు. నన్ను బాధించేది బిగ్ ఓలే అనే 28 అడుగుల వైకింగ్ విగ్రహం డాలుపై ఉన్న ‘అమెరికా జన్మస్థలం అలెగ్జాండ్రియా’ అనే నినాదం. అది డకోటా, ఓజిబ్వే అనే అమెరికా ఆదివాసీ ప్రజలు తరతరాలుగా మసలిన నేల. 1862లో అమెరికా ప్రభుత్వానికీ డకోటాలకూ జరిగిన యుద్ధం తరువాత అదే రాష్ట్రంలోని మాన్‌కేటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. వారి ఊసే లేకుండా జన్మస్థలమని రాసుకోవడం ఏ విధంగా న్యాయం?

రాఘవ:
క్రియారూపాల గురించి మీ వాదన బలమైనదే. కాని ఆ విగ్రహం 1965 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో నిలబడి వచ్చినది. అదీ పట్టణ చరిత్రే కనుక తొలగించమంటే ఒప్పుకోను.

వసుంధర:
తొలగించమని నేనూ కోరడం లేదు. విగ్రహం పక్కనే డకోటాల చరిత్ర చెప్పే ఫలకం నిలపాలి, మ్యూజియంలో రాయి దగ్గర లార్సన్ కాగితాల నకలు ఉంచాలి.