"దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి": చివర ఉండెడునా, ఉండగనా?

పాతబస్సు: తిక్కన భారతం, రాయబారంలో కృష్ణుడి "సారపు ధర్మమున్ విమల సత్యము" పద్యం. ధర్మం, సత్యం చెడిపోతుంటే దక్షులెవరైనా ఉపేక్షిస్తే అది వాళ్ళకే చేటు గాని, వాటిని కాపాడే దైవం ఉంది అని భావం. చివర నా నోట "దైవముండగన్" అనే వస్తోంది. మా బావగారేమో "ఉండెడున్" అంటారు. గణాలు రెండింటికీ కుదురుతున్నాయి. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు మీద వ్యాసం రాస్తున్నా, పైన ఈ పద్యం పెడదామని.

యతిమైత్రి: ఉండెడున్. దైవముండగా... ఉండగా ఏమైంది? తిక్కన వాక్యాన్ని అలా వేలాడదీయడు.

పాతబస్సు: "వారల చేటగు"తో అన్వయించుకోవచ్చుగా? దైవం ఉండగా ఉపేక్షించినవాళ్ళకే చేటు అని.

యతిమైత్రి: మధ్యలో "గాని" ఉంది. దాన్నేం చేస్తారు?

వకీలుగుమాస్తా: అక్షరం సంగతి సరే, పద్యమే ఆ కేసుకు నప్పదు. కృష్ణా జిల్లా బస్సు రూట్లను ఆర్టీసీకి అప్పగించే స్కీము అది. ప్రైవేటు బస్సులవాళ్ళ అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, స్కీమును ఆమోదించింది ముఖ్యమంత్రి. ఒకరు విని ఇంకొకరు తేలిస్తే వినడం ఉత్త తంతే అని 1958లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇందులో ఉపేక్ష ఎక్కడుంది?

పెన్నఒడ్డు: ఉపేక్ష వదిలేసి "దక్షులు" దగ్గర ఆగండి. సమర్థులు అని టీకాలో రాసి దాటేస్తారు. నా లెక్కన దక్షుడంటే తేల్చే అధికారం ఉన్నవాడు. విన్నాయనకు అధికారం లేదు, అధికారం ఉన్నాయన వినలేదు. మరి దక్షుడెవరు? నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కనకు ఈ తేడా తెలియదంటారా?

యతిమైత్రి: ప్రతి పద్యంలోకీ ఆ మంత్రి పదవిని లాక్కొస్తారు మీరు. దక్షుడంటే నేర్పరి, అంతే.

పెన్నఒడ్డు: జూదం నాడు ద్రౌపదికి జవాబు తేల్చలేకపోయిన భీష్ముడికి నేర్పు లేకనా?

వకీలుగుమాస్తా: కోర్టు కొట్టేశాక, రెండో విడత ముఖ్యమంత్రే స్వయంగా విని మళ్ళీ ఆమోదించారు. ఆయనకు పక్షపాతం ఉందన్న వాదన 1959లో నిలవలేదు. మీ దక్షుడు విన్నా బస్సులవాళ్ళకు ఒరిగిందేమిటి? అన్నట్టు, మొదటి తీర్పు రాసిన కోకా సుబ్బారావు గారిది రాజమండ్రి.

పెన్నఒడ్డు: రాజమండ్రి అనగానే నన్నయ అంటారు ఇక. మేం నెల్లూరు వాళ్ళం, ఒప్పుకోం.

పాతబస్సు: అయ్యా, పాత అచ్చు ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ చివరి పాదం ఫోటో పెట్టండి.

పెన్నఒడ్డు: పెడతా. ముందు ఆ పద్యంలోని "చెడఁబాఱిన"లో అరసున్న ఎందుకొచ్చిందో యతిమైత్రి గారు చెప్పాలి.