షెడ్యూల్డ్ ఏరియా బయట ఉన్న గూడకు విడిగా గ్రామసభ పెట్టించుకోవడం ఎలా?

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దు దగ్గరి సవర గూడ. 32 ఇళ్లు. రాజ్యాంగంలోని అయిదో షెడ్యూల్‌లో లేము కాబట్టి షెడ్యూల్డ్ ఏరియాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం మాకు వర్తించదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం వర్తిస్తుంది.

అడ్డాకు, చింతపండు ఏరుకునే కొండ మీద సామూహిక హక్కు కోసం ఫారం-బి నింపాం. దానికి గ్రామసభ తీర్మానం కావాలి. ఆ సభ 7 కిలోమీటర్ల కిందనున్న పంచాయతీ ఊళ్లో జరుగుతుంది. ముందురోజు సాయంత్రం దండోరా వేస్తారు, అది గూడ దాకా రాదు. అటవీ హక్కుల నిబంధనల 2012 సవరణ ప్రకారం సగం మంది హాజరవ్వాలి. పంచాయతీ మొత్తంలో సగం మంది ఎప్పుడూ రారు, అదే గూడలో పెడితే ఇంటిల్లిపాదీ వస్తారు. జులైలో జరిగిన సభ రిజిస్టర్ చూశాం. చక్కగా సంతకం పెట్టే మా మావయ్య పేరు పక్కన వేలిముద్ర ఉంది! ఆయన ఆ రోజు కొండ మీద పోడులో ఉన్నాడు.

పంచాయతీ కార్యదర్శిని అడిగితే పంచాయతీకి ఒకటే సభ అన్నారు. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెడితే అది తిరిగి ఆయనకే వెళ్లింది, ‘పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థలో) రాతపూర్వకంగా ఇచ్చాం, రసీదు ఉంది, జవాబు లేదు. మా కొండ గురించి మేం లేకుండా తీర్మానాలు రాయడం అన్యాయం.

నాన్ షెడ్యూల్డ్ గూడల్లో ఎవరైనా అటవీ హక్కుల కోసం విడిగా గ్రామసభ పెట్టించుకుని ఉంటే, ఏ అధికారికి, ఏ నిబంధన చూపించి దరఖాస్తు చేశారు?