సుగ్గికి (వలస కోత పనులకు) వెళ్లే కుటుంబాల పిల్లల బడి ఆగకుండా ముందుగా ఏం చేసుకోవాలి?

హంద్రీ గట్టు (ప్రశ్న)

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, అంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు, దీపావళి దాటగానే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు మిరప కోతలకు కదులుతాయి. మళ్లీ ఇల్లు చేరేది ఉగాదికే. బడి జూన్‌లో తెరిచి ఏప్రిల్‌లో మూస్తారు కాబట్టి పిల్లలకు సగం ఏడాది పోతోంది. తల్లిదండ్రులకు చదువంటే పట్టదని చాలామంది తేల్చేస్తారు. ఆ మాట నేనొప్పుకోను. ఇంట్లో అవ్వా తాతా లేకపోతే ఎనిమిదేళ్ల బిడ్డను ఎవరి దగ్గర వదిలిపోవాలి?

మా స్కూల్ కమిటీ ఈసారి ముందే సిద్ధం కావాలనుకుంటోంది. సీజనల్ హాస్టల్ (వలస నెలల్లో పిల్లలను ఊళ్లోనే ఉంచే వసతి) అడగాలా, వెళ్లిన చోట బడిలో చేర్పించాలా? టీసీ లేదంటూ అక్కడ వెనక్కి పంపితే ఏం చేయాలి?

బడిగంట

రెండూ కావాలి. ఎవరికి ఏది అన్నది ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. చూసుకునే పెద్దవాళ్లు ఊళ్లో ఉన్నవాళ్లకూ, నాలుగో తరగతి పైబడినవాళ్లకూ హాస్టల్ బాగా పనికొస్తుంది. ఒకటో రెండో చదివే పిల్లలు అమ్మను వదిలి ఉండలేరు, బలవంతపెట్టొద్దు.

హాస్టల్ సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మంజూరు కావాలి. చాలాచోట్ల అది దెబ్బతినేది తేదీల దగ్గరే. జనం కదిలాక సర్వే చేస్తే జాబితా తయారయ్యేసరికి పిల్లలు ఊళ్లో ఉండరు. కూలీలను తీసుకెళ్లే మేస్త్రీలు అడ్వాన్సులు పంచే సమయానికే ఎవరు వెళ్తున్నారో ఊరందరికీ తెలుస్తుంది. అప్పుడే ఇంటింటి జాబితా రాసి, కమిటీ తీర్మానం జతచేసి ఎంఈవోకు (మండల విద్యాధికారికి) ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. రాత్రి కాపలాకు ఆడమనిషి ఉంటుందని జాబితాతోపాటే రాసివ్వండి. అది లేకపోతే ఆడపిల్లలను ఎవరూ వదలరు, వదలకపోవడంలో తప్పూ లేదు.

ఇక టీసీ సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు. వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదని 14వ సెక్షన్, ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలని 15వ సెక్షన్ చెబుతాయి. వలస కుటుంబాల పిల్లలను చేర్పించే పూచీ స్థానిక సంస్థదేనని 9వ సెక్షన్‌లో విడిగా రాసి ఉంది. ఈ నాలుగు నంబర్లూ ఒక కాగితం మీద తెలుగులో రాసి ప్రతి కుటుంబం చేతిలో పెట్టండి. చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికే. తొమ్మిది, పది తరగతులకు ఈ వాదన నిలవదు.

పదో తరగతి వాళ్లను మాత్రం కదపొద్దు. నామినల్ రోల్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) ఏ బడి నుంచి వెళ్లిందో అక్కడే పరీక్ష రాయాలి.

పల్నాటి చేను

చట్టం సరే, కోతలు జరిగే చోట పిల్లలను బడిలో చేర్చడం ఆగేది వేరే కారణాలతో. మొదటిది కంప్యూటర్. పిల్లాడి పేరు పాత బడి ఖాతాలో ఉన్నంతకాలం కొత్త బడి వాళ్లు యూడైస్‌లో (బడి పిల్లల ఆన్‌లైన్ రికార్డులో) ఎక్కించుకోలేరు. పాత బడి వదిలేశాక పెన్ నంబరు (విద్యార్థికి ఇచ్చే శాశ్వత నంబరు), పుట్టిన తేదీ కొడితే రికార్డు కదిలి వస్తుంది. పేరు ఆధార్‌లో ఒకలా, బడిలో ఒకలా ఉంటే అక్కడే ఇరుక్కుంటుంది. కాబట్టి బయల్దేరకముందే ఆ రెండూ సరిచూసి, పెన్ నంబరు టీసీ మీద పెద్దగా రాయించండి. రిజిస్టర్‌లో పేరు లేని బిడ్డ మధ్యాహ్న భోజనం లెక్కలోకి కూడా రాడు.

రెండోది దూరం. గుడిసెలు చేల దగ్గర వేసుకుంటారు. ఒక చేను కోత అయిపోతే పక్క ఊరికి మారుతుంటారు. ప్రతిసారీ బడి మార్చడం కుదరదు. ఏ ఊరిని ఆనుకుని ఎక్కువ రోజులుంటారో మేస్త్రీని ముందే అడిగి ఆ ఊరి హెచ్‌ఎంకు ఫోన్ చేయండి. మన రాష్ట్ర నిబంధనల్లో ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి. అంతకు మించితే ఆటో ఖర్చు అడగవచ్చు.

మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. కిలో లెక్కన కూలి ఇచ్చే చోట పిల్లల చేతులు కూడా సంచి నింపడానికి పనికొస్తాయి. పచ్చికాయ ఘాటుకు ఆ చిన్న వేళ్లు మండి, ఆ చేత్తోనే కళ్లు నలుపుకుంటారు. ఇక తొమ్మిది పదేళ్ల అమ్మాయైతే చేను గట్టున చిన్న తమ్ముణ్ని పట్టుకుని కూర్చుంటుంది. అక్క బడికి పోవాలంటే ముందు తమ్ముడికి అంగన్‌వాడీ దొరకాలి. మూడేళ్లు నిండిన పిల్లలను అక్కడ కూర్చోబెట్టుకుంటారు, ఆధార్‌తో పోషణ్ ట్రాకర్‌లో (అంగన్‌వాడీల యాప్‌లో) చోటు మార్చుకోవచ్చు. బడి గురించి మాట్లాడిన రోజే అంగన్‌వాడీ టీచర్‌తోనూ మాట్లాడండి. లేకపోతే ఆ అమ్మాయి పేరు రిజిస్టర్‌లో ఉంటుంది గానీ మనిషి చేను దగ్గరే ఉంటుంది.

తెల్లకోటు

తల్లీబిడ్డల కార్డు ఇంట్లో పెట్టి రావద్దని చెప్పండి. తొమ్మిది నెలలు నిండాక వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా, 16 నుంచి 24 నెలల మధ్య వేసే రెండో డోసు ఎక్కువగా ఈ సీజన్‌లోనే తప్పిపోతాయి. కార్డు ఉంటే ఏ పీహెచ్‌సీ పరిధిలోనైనా ఏఎన్‌ఎం వేస్తుంది. కార్డు పోతుందని భయముంటే ఫోన్‌లో ఫొటో తీసుకుంటే చాలు.

టీబీ మందులు వాడేవాళ్లుంటే నిక్షయ్ ఐడీని (ప్రభుత్వ టీబీ రికార్డులో రోగి నంబరును) వెళ్లే చోటికి బదిలీ చేయించాలి. మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. మధ్యలో ఆగితే మందుకు లొంగని టీబీగా మారే ప్రమాదం ఉంది. గుడిసెలో పక్కనే పడుకునేది పిల్లలే.

రేషన్ బియ్యం వెళ్లిన ఊరి డిపోలోనే తీసుకోవచ్చు. వెళ్లినవాళ్లు అక్కడ, ముసలివాళ్లు సొంతూళ్లో విడివిడిగా తీసుకోవడానికీ వీలుంది. కార్డు ఈకేవైసీ (వేలిముద్రతో ఆధార్ సరిచూడటం) మాత్రం బయల్దేరకముందే పూర్తి చేసుకుంటే మంచిది.

హంద్రీ గట్టు

చాలా ఉపయోగపడింది. ఒక్క సందేహం: టీసీ తీసుకుంటే తల్లికి వందనం డబ్బు (పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చేది) పోతుందని తల్లులు భయపడుతున్నారు.

బడిగంట

టీసీ తీసుకోనివాళ్లకే ముప్పు ఎక్కువ. దానికి 75 శాతం హాజరు కావాలి. 220 పనిదినాలనుకుంటే 55 రోజులకు మించి బడికి రాకపోతే గీత దాటినట్టే. నవంబరు నుంచి మార్చి దాకా లేని పిల్లాడికి అంతకు రెట్టింపు గైర్హాజరు పడుతుంది. పేరు ఊళ్లో ఉంచి మనిషి చేలో ఉంటే హాజరు ఎక్కడా పడదు. టీసీ వెనక అప్పటిదాకా ఎన్ని రోజులకు ఎన్ని రోజులు వచ్చాడో హెచ్‌ఎం చేత రాయించి సంతకం తీసుకోండి. ఉగాదికి వచ్చేటప్పుడు అక్కడి హెచ్‌ఎం నుంచీ అలాగే తెచ్చుకుని, రెండూ మీ బడిలో ఇవ్వమనండి. అర్హుల జాబితా సచివాలయంలో అంటించినప్పుడు పేరు లేకపోతే అభ్యంతరంతో పాటు చూపించాల్సింది ఆ రెండు కాగితాలనే.